కారు కప్పుకు కిటికీ

సన్‌రూఫ్ ఉన్న కారును మీరు చూసే ఉంటారు. పెళ్లి ఊరేగింపులోనో, హైవే మీదో కారు కప్పులోంచి ఓ కుర్రాడు నడుము దాకా పైకి లేచి చేతులూపుతూ కనిపిస్తాడు. పైకప్పులో ఓ చదరపు రంధ్రం, దానికో అద్దం తలుపు, ఆ తలుపును వెనక్కి జరపడానికి ఓ చిన్న మోటారు. చూడ్డానికి ఇంతే. కాని ఈ రంధ్రాన్ని అర్థం చేసుకోవాలంటే మనిషి తన బండిని ఎలా కట్టుకున్నాడో మొదటినుంచీ తెలుసుకోవాలి. ఆ అవసరం నాకు సూరత్‌లో కలిగింది.

సూరత్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని మీలో ఎందరికి తెలుసో! కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గం పని కోసం వెళ్లిన కుటుంబాలు లింబాయత్ వైపు స్థిరపడ్డాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ వారు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నారు. ఓ సైన్సు కార్యక్రమం కోసం అక్కడికి వెళ్లినప్పుడు డిప్లొమా చదువుతున్న ఒక కుర్రాడు నన్ను తన ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి సాంచాలు నడుపుతాడు (మరమగ్గాలను సిరిసిల్ల వాళ్లు అలాగే అంటారు). ఇంటి ముందు ఒక పాత ప్రీమియర్ పద్మిని కారు. తండ్రి ఎవరి దగ్గరో చవగ్గా కొన్నాడు. కొడుకు దాని యింజను విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. రంగు వేశాడు. ఇక మిగిలింది ఒకటే కోరిక.

“సన్‌రూఫ్ పెడదామనుకుంటున్న సార్. వెల్డింగు షాపాయన రెండు గంటల పనే అన్నడు. కోస్తే ఏమైతది? పైన రేకే గదా!”

పైన రేకే గదా! ఈ మాటకు నేను అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినా సరే. “కొన్నాళ్లు ఆగు, చదివి రాస్తాను” అని మాత్రం అన్నాను. ఆ చదివినదే ఇది.

పాదుషా బండి

కొన్న బండినో, కానుకగా వచ్చిన బండినో మనకు నచ్చినట్టు మార్చుకోవాలనే సరదా ఇవాళ్టిది కాదు. సూరత్ గుండా వచ్చిన ఒక బండి కథ వినండి.

పదిహేడో శతాబ్ది మొదట్లో మొగలు సామ్రాజ్యానికి ముఖ్యమైన సముద్ర ద్వారం సూరత్. తపతీ నది ముఖంలో ఇసుక మేట వేయడం వల్ల పెద్ద ఓడలు పట్టణం దాకా రాలేక సువాలి అనే చోట లంగరు వేసేవి. 1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ పంపిన రాయబారి సర్ థామస్ రో అక్కడే దిగాడు. జహంగీరు పాదుషాకు తెచ్చిన కానుకల్లో ఒక కోచి బండి కూడా ఉంది. దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు బండివాడు కూడా వెంట వచ్చాడు. (కోచి అన్న మాట హంగరీ దేశంలోని కోచ్ అనే పల్లె పేరు నుంచి వచ్చింది. అక్కడి బండ్లు పదిహేనో శతాబ్దంలోనే పేరు మోశాయి. మన బస్సులను, రైలుపెట్టెలను కూడా కోచ్‌లంటున్నామంటే ఆ పల్లె పుణ్యమే.)

అప్పటికి సూరత్‌లో బండ్లు లేకపోలేదు. రెండు చక్రాల ఎడ్లబండ్లు ఉండేవి. వాటికి పైన, వెనక కప్పు ఉండేది. ముందూ పక్కలూ తెరిచి ఉండేవి. ఆడవాళ్లు ఎక్కితే తెరలు కట్టేవారు. ఆ అమరిక మన వాతావరణానికి ఎంత చక్కగా సరిపోతుందో గమనించండి. ఎండ పైనుంచి పడకూడదు, గాలి పక్కనుంచి రావాలి. కప్పుకు రంధ్రం పెట్టాలన్న ఊహ సూరత్ బండివాడికి ఎందుకు వస్తుంది?

రో సూరత్ నుంచి బుర్హాన్‌పూర్ మీదుగా అజ్మీర్ చేరి 1616 జనవరిలో పాదుషా దర్శనం చేసుకున్నాడు. కోచి బండిని చూసిన జహంగీరు చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడట. ఆ రాత్రే దానిలోకి ఎక్కి, మూలమూలా పరిశీలించి, సేవకులచేత అటూ ఇటూ లాగించుకున్నాడని రో తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ తర్వాత జరిగినదే మనకు ముఖ్యం. పాదుషా తన పనివాళ్లచేత ఆ బండిని విప్పదీయించి, దాన్ని చూసి అచ్చం అలాంటిదే ఇంకొకటి చేయించాడు. రో దగ్గర తర్వాత మతగురువుగా చేరిన ఎడ్వర్డ్ టెర్రీ ఈ వివరాలు రాశాడు. బండి లోపల చైనా మఖమలు ఉండేది. ఇంగ్లండు రాజు దగ్గర అంతకంటె మంచిది ఉంటుందని విన్నానే, చైనా నుంచి తెప్పించే శ్రమ ఎందుకు పడ్డాడు అని జహంగీరు ఆశ్చర్యం వెలిబుచ్చాడట! ఆ మఖమలు పీకించి, వెండి నేత మీద పట్టుపువ్వులున్న బట్ట వేయించాడు. ఇత్తడి మేకుల స్థానంలో వెండి మేకులు కొట్టించాడు. కొత్తగా చేసిన బండికైతే బంగారు నేత బట్ట, బంగారు పూత పూసిన వెండి మేకులు!

1616 నవంబరులో పాదుషా అజ్మీర్ నుంచి దక్షిణానికి ప్రయాణమైనప్పుడు నాలుగు గుర్రాలు పూన్చిన ఆ కొత్త బండిలోనే కూర్చున్నాడు. పైతొడుగు తేడా తప్పితే ఇంగ్లండు నుంచి వచ్చిన బండికీ దీనికీ తేడా కనిపెట్టలేకపోయానని రో ఒప్పుకున్నాడు. అసలు బండి నూర్జహాను పాలయింది.

ఆ పనివాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. రాయబారి పేరు తెలుసు, పాదుషా పేరు తెలుసు, పది నెలల్లోగా ఒక విదేశీ యంత్రాన్ని చూసి అలాంటిదే చేసిన వడ్రంగుల పేర్లు తెలియవు. చరిత్ర చదివేటప్పుడు నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే సంగతి ఇది.

కింద బండి, పైన గది

పాదుషా పనివాళ్లకు ఈ పని ఎందుకు సాధ్యమైంది? వాళ్ల నేర్పరితనం ఒక కారణం. బండి కట్టుబడి రెండో కారణం. ఆనాటి బండ్లలో బరువు మోసేది కింది చట్రం. చక్రాలు, ఇరుసులు, వాటిని కలిపే లావాటి దూలం అందులో భాగం. కూర్చునే గది వేరే. అది చట్రం మీద నిలబెట్టినదో, తోలుపట్టాలతో వేలాడదీసినదో. గది కప్పు పీకేసినా, గుడ్డలు మార్చినా, గదినే మొత్తం తీసేసి ఇంకోటి పెట్టినా చట్రం చెక్కుచెదరదు. అంటే పైన ఉన్నది నిజంగా కప్పే. ఇంటి పంచకు వేసిన తాటాకు పందిరి లాంటిది.

గుర్రాల స్థానంలో యింజను వచ్చినా ఈ పద్ధతి చాలాకాలం మారలేదు. మోటారు కంపెనీ చట్రం, యింజను, చక్రాలు మాత్రమే అమ్మేది. కొన్నవాడు దాన్ని ‘కోచ్‌బిల్డర్’ దగ్గరికి పంపి తన ఇష్టప్రకారం పైగది కట్టించుకునేవాడు. పాత కోచి బండ్లు కట్టిన వడ్రంగులే కొత్త మోటార్లకూ గదులు కట్టారన్నమాట.

దీనికి ఉదాహరణ కోసం హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి చూడండి. అక్కడ నిజాముల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. ఆర్డరిచ్చినవాడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ఆయన 1911 ఆగస్టులో మరణించాడు. కారు వచ్చేసరికి గద్దె మీద కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉన్నాడు. చట్రమూ యింజనూ రోల్స్‌రాయిస్ వారివి, పైగది లండనులోని బార్కర్ వారిది. అందులో సింహాసనం లాంటి ఎత్తయిన సీటు, దాని పైన గుమ్మటం లాంటి కప్పు. అంత వింత కప్పు పెట్టినా కారు బలానికి ఢోకా లేదు, ఎందుకంటే బలమంతా కిందనే ఉంది. మన మిలిటరీ జీపు సంగతీ అంతే. దాని కప్పు వట్టి కాన్వాసు గుడ్డ. విప్పి మడిచి వెనక పడేసినా జీపు జీపే.

మన కుర్రాడి మాట జీపు విషయంలో చెల్లుతుంది. పద్మినికి చెల్లుతుందా? దానికి ముందు కార్లకు పైన రేకు ఎలా వచ్చిందో చూద్దాం. అదో తమాషా కథ.

రంధ్రం ముందు, రేకు తర్వాత

మొదటి కార్లకు కప్పే లేదు. 1919 ప్రాంతంలో అమెరికాలో అమ్మిన కార్లలో పదింట తొమ్మిది కప్పులేనివో, గుడ్డ కప్పు ఉన్నవో. పదేళ్లు తిరిగేసరికి లెక్క తారుమారై పదింట తొమ్మిది మూసిన కార్లయ్యాయి. అయితే ఈ ‘మూసిన’ కార్ల కప్పు మీద వేలితో కొడితే ఠంగుమనేది కాదు. చుట్టూ రేకు ఉన్నా నడుమ పెద్ద ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో చెక్క బద్దలు పేర్చి, వాటిపై తీగవల, దాని మీద దూది, దాని మీద నీరు పట్టని పూత పూసిన గుడ్డ వేసి మేకులు కొట్టేవారు. కొన్నాళ్లకు ఆ గుడ్డ చివికి, వానకు కారేది.

మొత్తం కప్పును ఒకే రేకుతో ఎందుకు చేయలేదు? అంత వెడల్పాటి ఉక్కు రేకు దొరికేది కాదు, దొరికినా దాన్ని ఒక్క దెబ్బతో వంచే ప్రెస్సులు లేవు. 1920లలో వెడల్పు రేకును ఆగకుండా సాగదీసే రోలింగ్ మిల్లులు వచ్చాయి, పెద్ద ప్రెస్సులు తయారయ్యాయి. జనరల్ మోటార్స్ వారు 1935 మోడళ్లకు ‘టరెట్ టాప్’ పేరుతో ఏకరేకు కప్పును ప్రవేశపెట్టి గొప్పగా చాటుకున్నారు. కారు కప్పు పుట్టుక వెనక ఉన్నది ఉక్కు కర్మాగారం!

వింతేమిటంటే అమెరికాలో ఆ ఖాళీని పూడ్చడానికి తంటాలు పడుతున్న రోజుల్లోనే ఇంగ్లండులో కావాలని తెరిచే కప్పులు పెడుతున్నారు. 1920ల చివర అక్కడ పిచ్‌లీ అనే జారుడు కప్పు వచ్చింది. 1930లలో మోరిస్ ఎయిట్ లాంటి చిన్న కార్లకూ జారుడు కప్పు దొరికేది. జర్మనీలో వెబాస్టో వారు మడత కప్పులు చేశారు. అమెరికాలో నాష్ కంపెనీ 1937లో తెరిచే కప్పును అందించింది. ఇంగ్లీషువాళ్లకు ఇంత మోజెందుకు? భూగోళం తీసి చూడండి. లండను 51 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త ఎగువన ఉంది. నడివేసవి మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు దిగంతం నుంచి 62 డిగ్రీలకు మించి పైకి రాడు. చలికాలంలో ఎండ మొహమే కనిపించదు. దొరికిన కాస్త ఎండనూ కారులోకి రానివ్వాలని వాళ్ల తాపత్రయం. ‘సన్‌రూఫ్’ అన్న పేరులో సూర్యుడికి స్వాగతం ఉంది.

అమెరికాలో ఈ వ్యాపారం నిలదొక్కుకోవడం వెనక ఒక విద్యార్థి ఉన్నాడు. హైన్జ్ ప్రెక్టర్ అనే జర్మను యువకుడు 1963లో చదువు కోసం అక్కడికి వెళ్లాడు. జర్మనీలో ఈ పని తెలిసినవాడు కాబట్టి 1965లో లాస్ ఏంజిలిస్‌లో అమెరికన్ సన్‌రూఫ్ కంపెనీ పెట్టి, కొన్న కార్ల కప్పులు కోసి సన్‌రూఫ్‌లు బిగించడం మొదలుపెట్టాడు. 1967లో కార్ల కంపెనీలకు దగ్గరగా డెట్రాయిట్ ప్రాంతానికి మకాం మార్చాడు. కార్ల కంపెనీలే అతనికి పని అప్పజెప్పసాగాయి. 1973లో లింకన్ కారుకు రేకు బదులు అద్దం పలక పెట్టి దానికి ‘మూన్‌రూఫ్’ అని పేరు పెట్టారు. మూసి ఉన్నా ఆకాశం కనిపిస్తుంది కదా! ఇవాళ మనం చూసేవి చాలావరకు ఈ అద్దం రకమే. 2023 నాటికి మన దేశంలో పది లక్షల రూపాయల లోపు కార్లకు కూడా ఇవి వచ్చేశాయి.

“అమెరికాలో కోసినప్పుడు సూరత్‌లో కోస్తే తప్పేంటి?” అని మీరడగవచ్చు. సబబైన ప్రశ్నే.

చెప్పుల పెట్టె ప్రయోగం

ఓ చెప్పుల అట్టపెట్టె తీసుకోండి. మూత తీసేసి, పెట్టెను రెండు చివరలా పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలి తిప్పండి. తేలిగ్గా మెలికపడుతుంది. ఇప్పుడు మూత పెట్టి చుట్టూరా టేపు అంటించండి. మళ్లీ తిప్పండి. గట్టిపడిపోయింది, కదూ? అట్ట అదే, బరువు దాదాపు అదే. మూత అంటుకుపోయేసరికి ఆరు ముఖాలూ ఒకదానికొకటి ఆసరా అయ్యాయి. మూతకు బరువు మోసే పని ఎవరూ అప్పజెప్పినట్టు కనిపించదు, కాని మోస్తోంది. ఇప్పుడు బ్లేడుతో మూత నడుమ ఒక పెద్ద చదరం కోసి మళ్లీ తిప్పి చూడండి. చివరగా ఆ రంధ్రం అంచు పొడుగునా మందపాటి అట్టతో ఒక చట్రం చేసి జిగురుతో అంటించి, ఆరాక తిప్పండి. పోయిన గట్టిదనంలో కొంత తిరిగి వస్తుంది. ఇది చదివి వదిలేయకుండా చేసి చూడండి. చేతికి తెలిసేది వేరు.

కారులో ఈ సూత్రం ఎప్పుడు ప్రవేశించింది? 1922లో ఇటలీ వారి లాన్సియా లామ్డా, 1934లో ఫ్రాన్సు వారి సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ ఈ దారిలో పెద్ద అడుగులు. వాటిలో కింద విడిగా లావాటి చట్రం లేదు. నేల, పక్క పలకలు, స్తంభాలు కలిసి ఒకే పెట్టెగా బరువు మోస్తాయి. సిట్రోయెన్ లాంటి మూసిన కార్లలో కప్పూ ఆ పెట్టెలో కలిసిపోయింది. బరువు తగ్గుతుంది, నేల కిందికి దిగుతుంది, పెట్రోలు కలిసివస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చిన్న కార్లన్నీ దాదాపు ఈ దారే పట్టాయి. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అలాంటిదే. 1953లో వచ్చిన ఫియట్ 1100 కూడా అలాంటిదే. ఆ ఫియట్ 1100 వంశంలోదే ప్రీమియర్ పద్మిని.

కాబట్టి కుర్రాడి ఇంటి ముందున్న కారులో పైన ఉన్నది వట్టి రేకు కాదు. అది చెప్పుల పెట్టె మూత. కారుకు తలుపులనీ, అద్దాలనీ ఇప్పటికే బోలెడు రంధ్రాలున్నాయి. మిగిలిన స్తంభాలు, కప్పు అంచులు, కప్పు కింద ఎడమ నుంచి కుడికి వేసిన అడ్డబద్దలు ఆ లోటును పూరిస్తున్నాయి. సన్‌రూఫ్ కోసం కోసేవాడికి మొదట అడ్డం తగిలేవి ఆ బద్దలే. రెండు గంటల పని అన్నాడే, అందులో బద్దలు తెంచడానికి పట్టేది పది నిమిషాలు. తెంచాక కారు మర్నాడే కుప్పకూలదు. అదే వచ్చిన చిక్కు! గుంటల్లో పడినప్పుడల్లా కాస్త ఎక్కువ మెలికపడుతుంది. కొన్నాళ్లకు తలుపులు సరిగా పడవు, స్తంభాల మొదట్లో వెల్డింగు చీలుతుంది. దురదృష్టం కొద్దీ బోల్తా పడితే కప్పు తల మీదికి దిగుతుంది.

బోల్తా పడినప్పుడు కప్పు ఎంత బరువు ఆపాలి? అమెరికాలో 1973 నుంచి అమలైన నిబంధన ప్రకారం కారు బరువుకు ఒకటిన్నర రెట్లు. 2009లో దీన్ని సవరించి, సాధారణ కార్లకు మూడు రెట్లు చేశారు. 900 కిలోల కారు అనుకుంటే 2,700 కిలోలన్నమాట. ఇప్పుడు ఫ్యాక్టరీలో సన్‌రూఫ్ పెట్టేవాళ్లు రంధ్రం చుట్టూ ఉక్కు చట్రం ముందే రూపకల్పన చేసి, స్తంభాలను అందుకు తగ్గట్టు బలపరిచి, కార్లను గుద్దించి పరీక్షిస్తారు. మన ప్రయోగంలో చివర అంటించిన మందపాటి అట్ట అదే. ఒక చిన్న షాపులో ఆ చట్రం ఎంత మందం ఉండాలో, ఎక్కడ అతకాలో ఎవరు లెక్క కడతారు? ఉన్నది ఒకే కారు. గుద్దించి చూడడానికి ఇంకోటి లేదు.

సూరత్ సూర్యుడు, సూరత్ వాన

బలం సంగతి అలా ఉంచి, ఎండ సంగతి చూడండి. సూరత్ కర్కటరేఖకు కాస్త దిగువన, 21 డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద ఉంది. అక్కడ మే చివర ఒకసారి, జూలై మధ్యలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మన తెలుగు నేల మీదైతే ఆ మొదటి రోజు ఇంకా ముందే వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే నడినెత్తి ఎండ చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు. సన్‌రూఫ్ వైశాల్యం చదరపు మీటరులో మూడో వంతుకు కాస్త తక్కువ, 0.3 అనుకుందాం. రంగులేని మామూలు అద్దం నూటికి 80 వంతులు లోపలికి పంపితే 240 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వెలువడుతుంది. కాబట్టి ఈ అద్దం పెట్టడమంటే కారులోకి అదనంగా ఇద్దరిని ఎక్కించుకోవడమే. టికెట్టు లేని ప్రయాణికులు! రంగుటద్దాలు, లోపలి తెర ఈ లెక్కను బాగా తగ్గిస్తాయి. కాని పద్మినికి ఏ.సి. లేదని మరిచిపోకండి.

వాన లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. సన్‌రూఫ్ రబ్బరు అంచు నీళ్లను పూర్తిగా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆపదు, ఆపాలని తయారుచేసినవాళ్లూ అనుకోరు. అంచు దాటిన నీరు చుట్టూ ఉన్న కాలువలో పడి, నాలుగు మూలల గొట్టాల ద్వారా స్తంభాల లోపలి నుంచి కారు కిందికి పోవాలి. డాబా మీద నీళ్లకు తూము పెట్టినట్టే. గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 0.3 చదరపు మీటర్ల మీద పడే నీళ్లు 15 లీటర్లు. అందులో ఎక్కువ భాగం పైనుంచే జారిపోయినా, ఓ బొట్టు దుమ్ము, ఓ వేపాకు గొట్టంలో ఇరుక్కుంటే మిగిలినది మీ ఒళ్లోకి వస్తుంది. సూరత్‌లో ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన, దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. పాత కారు స్తంభాల్లోకి తడి చేరితే తుప్పు లోపలి నుంచి తింటుంది, బయటికి కనిపించదు.

ఇంకో ముచ్చట. వేగంగా పోతున్నప్పుడు కప్పు తెరిస్తే చెవుల్లో దబదబమని కొట్టినట్టుంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే హుమ్మని మోగుతుంది కదా, ఇదీ అదే. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ ఈ అనునాదాన్ని వివరించాడు. కారు పెద్ద సీసా, సన్‌రూఫ్ దాని మూతి. సీసా పెద్దదయ్యేకొద్దీ స్వరం మందగిస్తుంది. కారుది సెకనుకు ఇరవై కంపనాల చుట్టుపక్కలకు దిగుతుంది, అంటే మన చెవికి వినిపించే హద్దు దగ్గరకు. అందుకే శబ్దంగా కాక గుద్దులా తెలుస్తుంది. తెరవగానే ముందు అంచున పైకి లేచే చిన్న రెక్కను చూశారా? గాలిని రంధ్రం మీద నుంచి తప్పించడం దాని పని.

ఇక మొదట్లో చెప్పిన నడుము దాకా లేచిన కుర్రాడి సంగతి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు హఠాత్తుగా ఆగితే లోపలివాళ్లను బెల్టు ఆపుతుంది. అతన్ని ఆపేది రంధ్రం అంచు మాత్రమే. న్యూటన్ మొదటి సూత్రం పరీక్షల్లో రాయడానికే అనుకునేవాళ్లు కారు కప్పులోంచి నిలబడతారు.

చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చరాదు అని దాని సారాంశం. సీఎన్‌జీ కిట్టు లాంటివాటికి అనుమతితో దారి ఉంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఈ చట్టం మీద చేతిపని తెలిసిన కుర్రాళ్లకు కోపం ఉంది. నాకూ కొంత సానుభూతి ఉంది. కొన్ని దేశాల్లో మార్చిన బండిని పరీక్షించి ఆమోదించే కేంద్రాలు అందుబాటులో ఉన్నాయి, మన దగ్గర ఒంటరి మెకానిక్‌కు అంత సులువైన దారి లేదు. జహంగీరు పనివాళ్ల వారసులు వీళ్లే గదా అనిపిస్తుంది. కాని వాళ్ల ముందున్న బండికీ, వీళ్ల ముందున్న బండికీ మధ్య కప్పు స్వభావమే మారిపోయింది.

ఇదంతా ఓ పెద్ద ఉత్తరంగా రాసి సూరత్ పంపాను. చెప్పుల పెట్టె ప్రయోగం కూడా రాశాను. నెల దాకా జవాబు లేదు. కోసేశాడేమో అనుకున్నాను.

తర్వాత ఓ కవరు వచ్చింది. అందులో రెండు ఫోటోలు. ఒకదాంట్లో వాళ్ల నాన్న చెప్పుల పెట్టెను రెండు చేతులతో మెలి తిప్పుతూ, దవడలు బిగించి నవ్వుతున్నాడు. రెండోది పద్మిని లోపల తీసింది. కప్పు కింద చినిగిపోయి వేలాడే పాత గుడ్డ తీసేసి, ఇంటి సాంచాల మీద నేసిన నీలం బట్ట వేశారు. దాని నిండా చిన్న చిన్న జరీ చుక్కలు. సూరత్ జరీ గద్వాల, వెంకటగిరి నేతగాళ్లకు బాగా తెలిసిన సరుకే. ఇక్కడ అది చీర అంచుకు కాక ఆకాశానికి పనికొచ్చింది. ఆర్.సి. పుస్తకంలో మార్చవలసిన వివరం ఏదీ లేదు. “నాన్న డిజైను సార్. రాత్రి లైటు ఏస్తే మెరుస్తయి” అని వెనక రాసి ఉంది.

బట్ట పాలియెస్టరు కాబట్టి ఆ లైటు బల్బును గుడ్డకు ఆనకుండా జానెడు దూరంలో పెట్టమని జవాబు రాశాను.